వంగమడికి దోమతెర

ఇబ్రహీంపట్నంలో మా ఇంటి వెనుక పెరడు పెద్దదేమీ కాదు. నాలుగు మడులు, గోడవారన ఒక పందిరి, మూలన ఒక కరివేపాకు చెట్టు. ఆ నాలుగింటిలో ఒక మడి ఏ ఏడైనా వంగదే. కొన్నేళ్ళ క్రితం కోసిన కాయల్లో సగానికి పైగా పుచ్చులే వస్తూంటే, మందు కొట్టడానికి మనసొప్పక, అటక మీది పాత దోమతెర దించాను. వెదురుబద్దలు విల్లులా వంచి మడికి అటూ ఇటూ పాతి, వాటిపై తెర పరచి, అంచుల మీద ఇటుకలు పెట్టాను. అమ్మ పెరటి గుమ్మంలో నిలబడి చూసి నవ్వింది.

“వంకాయ చెట్లకు దోమతెర గట్టినవా కొడుకా? ఇగ పండవెట్టి జోల గూడ పాడు!”

నెల తిరిగేసరికి నవ్వవలసిన వంతు నాది కాలేదు. తెర లోపలి కొమ్మలు బయటి మొక్కల కొమ్మల కన్న ఎక్కువగా తలలు వాల్చాయి. చీల్చి చూస్తే ప్రతి కొమ్మలోనూ ఒక గులాబిరంగు పురుగు. అంతకు ముందు పంట కూడా అదే మడిలో వంగే. ఆ ఎండుమొక్కలు పీకి పక్కనే పడవేశాను. నేల తవ్వి ఎండబెట్టలేదు. అమ్మ ఈసారి నవ్వలేదు. ఒక్క మాట అన్నది.

“దొంగ ఇంట్ల ఉండంగనే తలుపేసినవ్ గద బిడ్డా.”

ఆ మాట నన్ను చాలాకాలం వదలలేదు. ఇంత చిన్న పని, అంటే ఒక గుడ్డముక్కతో పంటను పురుగు నుండి కాపాడటం, మనిషికి ఎప్పుడు తోచింది? తోచినదానిని మళ్ళీ ఎందుకు మరిచాడు? ఇప్పుడు మళ్ళీ ఎందుకు తలచుకొంటున్నాడు? అడపాదడపా చదివి, అడిగి, కూడబెట్టుకొన్న సంగతులను ఒకచోట చేర్చే ప్రయత్నం ఇది.

* * *

ముందుగా మా ఊరి సంగతి. హైదరాబాదుకు ఆగ్నేయంగా, నాగార్జునసాగరుకు పోయే దారిలో, సుమారు 30 కిలోమీటర్ల దూరాన ఉన్నది ఇబ్రహీంపట్నం. ఊరికి పేరిచ్చినవాడు గోల్కొండ నేలిన ఇబ్రహీం కుతుబ్‌షా (పాలన 1550–1580). తెలుగు కవులు ముద్దుగా మల్కిభరాముడని పిలుచుకొన్న ప్రభువు ఆయనే. ఊరి పెద్దచెరువు కూడా ఆయన కాలానిదేనని చెబుతారు. హైదరాబాదు నగరానికి పునాది పడినది 1591లో కనుక, ఆ లెక్కన మా చెరువు నగరం కన్న పెద్దది. నగరం పెరిగేకొద్దీ చుట్టుపక్కల పల్లెలు దానికి కూరగాయలు పంపే పెరడుగా మారాయి. 1978లో రంగారెడ్డి జిల్లా ఏర్పడిన తరువాత కూడా ఆ బంధుత్వం మారలేదు. టమాట, వంగ, బెండ, ఆకుకూరలు, పందిళ్ళ మీద బీర, కాకర, సొర. తెల్లవారుజామున బయలుదేరితే పొద్దెక్కక ముందే నగరంలో అమ్ముకొని రావచ్చు. 1999 జనవరి 26న నాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం రైతుబజార్లు ప్రారంభించాక, దళారి లేకుండా నేరుగా అమ్ముకొనే వీలూ కొంత కలిగింది.

అయితే నగరం కూరగాయతోపాటు మరొకటి కూడా కోరింది. మచ్చలేని కాయ. పల్లెలో పుచ్చు వంకాయను సగం కోసి పారవేసి, మిగిలిన సగం వండుకొంటారు. నగరంలో ఒక చిన్న బెజ్జం కనబడితే కాయ మొత్తం పక్కకు పోతుంది. ఆ బెజ్జం చేసే జీవి రెక్కలు విప్పితే రెండు సెంటీమీటర్లుండే ఒక తెల్లని చిన్న రెక్కలపురుగు. దీనికి లూసినోడిస్ ఆర్బొనాలిస్ అని 1854లో శాస్త్రీయనామం పెట్టినవాడు గెనే అనే ఫ్రెంచి పండితుడు. మన రైతులకు అది కొమ్మ, కాయ తొలిచే పురుగు. తల్లిపురుగు రాత్రిపూట ఆకుల అడుగున గుడ్లు పెడుతుంది. పిల్లపురుగు పొదిగిన కొన్ని గంటలలోనే లేతకొమ్మలోనికో, కాయలోనికో దూరి, తాను వచ్చిన దారిని తన మలంతోనే మూసుకొంటుంది. ఒకసారి లోపలికి పోయాక పైన ఎంత మందు చల్లినా దానికి తగలదు. పెరిగి పెద్దదయ్యాక బయటికి వచ్చి, నేల మీది ఎండుటాకులలో గూడు కట్టుకొని, కొద్ది రోజులకు రెక్కలపురుగై మళ్ళీ లేస్తుంది.

నేను తెర కప్పిన మడి నేలలో ఉన్నవి ఆ గూళ్ళే. బయటి పిట్టలు, కందిరీగలు, సాలీళ్ళు లోనికి రాకుండా తెర అడ్డుపడింది. అంటే నేను కాపాడినది వంగను కాదు, వంగ శత్రువును.

* * *

పైరును కప్పి కాపాడుకోవడం మనకు కొత్త కాదు. కొత్తగా నాటిన మొక్కపై కోళ్ళు గీరకుండా బుట్ట బోర్లించడం, మేకలు రాకుండా ముళ్ళకంప నాటడం, జొన్నచేలో మంచె కట్టి వడిసెలతో పిట్టలను తోలడం, అడవిపందుల భయాన పొలం చుట్టూ పాత చీరలు కట్టడం, ఇవన్నీ మన తెలుగు నేల మీద ఎరిగినవే. ఆ చీరల కంచె ఇప్పటికీ మా వైపు పొలాల గట్ల మీద గాలికి ఎగురుతూ కనబడుతుంది. కానీ ఇవన్నీ కంటికి కనబడే పెద్ద ప్రాణులకు కట్టిన అడ్డులు. పురుగు విషయానికి వచ్చేసరికి పెద్దల పద్ధతి వేరు. ఆకులపై బూడిద చల్లడం, వేప కషాయం, చేత్తో ఏరి చంపడం, పొగ పెట్టడం. సురపాలుడు రచించిన వృక్షాయుర్వేదాన్ని ఆచార్య నళినీ సాధలే ఆంగ్లంలోనికి అనువదించగా, 1996లో సికిందరాబాదులోని ఆసియా వ్యవసాయ చరిత్ర సంస్థ ప్రచురించింది. అందులో చెట్ల రోగాలకు, పురుగులకు చెప్పిన చికిత్సలు మనుషుల వైద్యంలాగానే ఉంటాయి. వాయువిడంగాలు, ఆవాలు వంటి వాటితో పొగలు, పూతలు, కడుగుళ్ళు.

తెర ఎందుకు లేదు? కారణం సులువే. పురుగును ఆపాలంటే తెర కన్ను పురుగు కన్న చిన్నదిగా ఉండాలి. చేపల వల చేతితో అల్లవచ్చు. దోమను ఆపే తెర చేతిమగ్గం మీద నేయాలంటే అది పలుచని సన్నబట్ట, ధనవంతుల పడకగదికి పనికివచ్చే సరుకు. దానిని వంగమొక్కలపై కప్పే వెర్రివాడు ఎవడుంటాడు? 1809లో ఇంగ్లండులో జాన్ హీత్‌కోట్ తెరబట్ట నేసే యంత్రానికి హక్కు పొందిన తరువాతనే ఆ బట్ట క్రమంగా చౌక అయింది. 1938లో డ్యూపాంట్ సంస్థ నైలాన్‌ను లోకానికి ప్రకటించింది. ఆ తరువాత వచ్చిన ప్లాస్టిక్ దారాలు వానకు కుళ్ళవు, చెదలు తినవు. అప్పటికి గాని తెర పొలానికి రాగల వస్తువు కాలేదు.

కానీ తెర పొలానికి రాకమునుపే శాస్త్రానికి వచ్చింది. మా అమ్మ మాటకు అసలు వ్యాఖ్యానం నాకు అక్కడ దొరికింది.

* * *

కుళ్ళిన మాంసం నుండి పురుగులు వాటంతట అవే పుడతాయని ఒకప్పుడు లోకమంతా నమ్మేది. ఇటలీలో ఫ్రాంచెస్కో రెడి అనే వైద్యుడు 1668లో ప్రచురించిన గ్రంథంలో ఒక పరీక్ష వివరించాడు. కొన్ని పాత్రలలో మాంసం ఉంచి తెరిచి వదిలాడు. కొన్నిటిని గట్టిగా మూసివేశాడు. మూసిన వాటిలో పురుగులు లేవు. గాలి తగలకనే పుట్టలేదేమోనన్న ఆక్షేపణకు తావు లేకుండా, మరికొన్నిటిని గాలి ఆడే సన్నని తెరబట్టతో కప్పాడు. ఈగలు తెర మీద వాలాయి. లోపలి మాంసంలో మాత్రం పురుగులు పుట్టలేదు. పురుగుకు తల్లి ఈగ అని తేలింది. తెర అక్కడ చేసిన పని ఏమిటి? వచ్చేది ఎవరు, ఎక్కడి నుండి అన్న ప్రశ్నకు జవాబు చెప్పింది.

రెండో కథ మన ముంగిట్లోదే. ఇబ్రహీంపట్నం నుండి గంటన్నర ప్రయాణ దూరంలో, బేగంపేటలో, రొనాల్డ్ రాస్ పనిచేసిన భవనం నేటికీ ఉన్నది. 1897 ఆగస్టు 20న అక్కడ ఆయన ఒక దోమ పొట్టలో మలేరియా క్రిమిని కనుగొన్నాడు. సికిందరాబాదులో రాస్ చేసిన ప్రయోగాలలో దోమతెరకు ఉన్న పాత్ర మనం అనుకొనేదానికి తలకిందులు. రోగిని దోమతెర లోపల పడుకోబెట్టి, దోమలను కూడా ఆ తెర లోపలికే వదిలేవాడు. అవి బయటికి పోకుండా రోగిని కుట్టడానికి ఆ తెర. రక్తం తాగిన దోమలను పట్టుకొని కోసి చూడటం తరువాతి పని. దోమతెర దోమను బయట ఉంచుతుందని మనం అనుకొంటాం. తెరకు ఆ పక్షపాతం లేదు. లోపలున్నదానిని లోపల, బయట ఉన్నదానిని బయట ఉంచడమొక్కటే దానికి తెలుసు.

మూడోది 1900 సంవత్సరంలో జరిగినది. మలేరియాకు పేరుపడ్డ రోము పరిసరాల చిత్తడినేలలో ఇద్దరు వైద్యులు, లూయీ సాంబన్, జార్జ్ లో, ఒక గుడిసెకు కిటికీలకూ తలుపులకూ జాలి బిగించుకొని, జ్వరాల కాలమంతా అక్కడే కాపురమున్నారు. పొద్దుగూకక ముందే లోపలికి పోయేవారు, పొద్దు పొడిచాక వచ్చేవారు. చుట్టుపక్కల వారికి జ్వరాలు వచ్చినా వీరికి రాలేదు. వారిని కాపాడినది జాలి మాత్రమే కాదు. దోమ ఏ వేళ తిరుగుతుందో వారికి తెలియడం కూడా.

ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే తెర స్వభావం బోధపడుతుంది. తెర ఆయుధం కాదు. అది ఒక గీత. గీత ఎక్కడ గీయాలో, ఎప్పుడు గీయాలో తెలిసినవాడికే పనిచేస్తుంది. పురుగు ఎంత పొడవు, ఎక్కడ పడుకొంటుంది, ఏ వేళ ఎగురుతుంది, దాని పిల్ల ఎక్కడ దాక్కొంటుంది, ఇవి తెలియనివాడికి తెర ఒక బట్టముక్క. నాకు ఆ మొదటి ఏడు అయినట్లు.

* * *

ఇరవయ్యో శతాబ్ది తొలి రోజులలో మన దేశంలో వ్యవసాయ కీటకశాస్త్రం ఈ తెలివిడిని కూడబెట్టే పనిలోనే ఉండేది. మాక్స్‌వెల్ లెఫ్రాయ్ 1906లో భారతదేశపు చీడపురుగుల మీద, బెయిన్‌బ్రిగ్ ఫ్లెచర్ 1914లో మద్రాసు నుండి దక్షిణభారత కీటకాల మీద పెద్ద గ్రంథాలు వెలువరించారు. ఒక్కొక్క పురుగు గుడ్డు, పిల్ల, గూడు, రెక్కల దశ, తినే మొక్కలు, బతికే కాలం, ఇదీ ఆ పుస్తకాల పద్ధతి. పురుగును గెలవాలంటే దాని జీవితం చదవాలన్నది ఆ తరం నమ్మకం.

1939లో స్విట్జర్లండులో పౌల్ ముల్లర్ డి.డి.టి.కి పురుగులను చంపే శక్తి ఉన్నదని కనుగొన్నాడు. అందుకు 1948లో ఆయనకు నోబెల్ బహుమానం వచ్చింది. 1952లో కలకత్తా దగ్గర రిష్రాలో బి.హెచ్.సి. తయారీ మొదలైంది. అప్పటి నుండి పురుగు జీవితచరిత్ర చదవవలసిన అవసరం తీరిపోయినట్లు అనిపించింది. డబ్బాలో ఉన్నది ఏ పురుగునైనా చంపుతుంది కదా! పేరు అడగదు, ఊరు అడగదు. ఇక్కడ మన భాష చేసిన మాయ కూడా చెప్పుకోవాలి. ఆ విషాన్ని మనం విషమని అనలేదు. ‘మందు’ అన్నాం. జ్వరానికి వేసుకొనేదీ, పైరుకు కొట్టేదీ ఒకే మాట. అమ్మే దుకాణం మందుల దుకాణం. ఏ మందు కొట్టాలో చెప్పేవాడు ఆ దుకాణదారు. పేరు మందైనప్పుడు అది ఎక్కువైతే మంచిదే అనుకోవడంలో రైతు తప్పేమున్నది?

పురుగులు మాత్రం తమ చదువు మానలేదు. క్యాబేజీని తినే డైమండ్‌బ్యాక్ రెక్కలపురుగు 1950ల తొలి ఏళ్ళలోనే జావా ద్వీపంలో డి.డి.టి.కి లొంగడం మానింది. వంగపురుగు కొమ్మ లోపల సురక్షితంగా కూర్చొని, పైన పడే మందుకు తన శత్రువులైన కందిరీగలు చావడం చూస్తూ ఉన్నది. దానితో రైతు మోతాదు పెంచాడు. ఒక పంటకాలంలో పదులసార్లు కొట్టవలసిన స్థితి దక్షిణాసియా అంతటా వంగతోటలకు వచ్చింది. ఒక్కొక్క విషమే వెనక్కు పోయింది. డి.డి.టి.ని వ్యవసాయంలో వాడటం మన దేశంలో 1989లో ఆగింది. బి.హెచ్.సి.ని 1997లో నిషేధించారు. మోనోక్రోటోఫాస్‌ను కూరగాయలపై వాడరాదని 2005లో ఉత్తర్వు వచ్చింది. ఒక్కసారి ఆలోచించండి. ఆ ఉత్తర్వు వచ్చేదాకా అది కూరగాయలపై చట్టబద్ధంగానే పడుతూ ఉన్నది. తినేవాడి సంగతి అటుంచి, వీపున పంపు మోసుకొని మందు కొట్టే కూలీ దానిని ఊపిరితో పీల్చాడు. మరునాడు కాయలు కోసే ఆడకూలీల చేతులకు అది అంటింది.

* * *

మళ్ళీ పురుగును చదవడం తెలుగునాట మొదలైనది పేదరైతుల పొలాల నుండే. 1990 ప్రాంతంలో తెలంగాణ మెట్టభూముల ఆముదపు చేలను ఎర్రగొంగళి పురుగు దండులు దండులుగా తినివేసేది. హైదరాబాదులోని సెంటర్ ఫర్ వరల్డ్ సాలిడారిటీ వంటి సంస్థలు రైతులతో కలిసి, ఆ పురుగు తొలకరి వానలకు నేలలోంచి రెక్కలతో లేస్తుందన్న ఒక్క సంగతిని ఆధారం చేసుకొని, ఊరంతా ఒకేసారి రాత్రిపూట మంటలు వేయించి రెక్కలపురుగులను ఆకర్షించి చంపే పద్ధతిని వ్యాప్తి చేశాయి. 2000ల తొలి ఏళ్ళలో నాటి ఖమ్మం జిల్లాలోని పునుకుల గ్రామం పురుగుమందులను పూర్తిగా వదిలి పేరు తెచ్చుకొన్నది.

వంగపురుగు మీద చర్చ మరో దారిన సాగింది. ఆ పురుగును చంపే గుణాన్ని విత్తనంలోనే ఇమిడ్చిన బీటీ వంగను అనుమతించాలా వద్దా అని నాటి పర్యావరణ మంత్రి జైరాం రమేశ్ 2010 జనవరి, ఫిబ్రవరి నెలలలో దేశంలో ఏడు నగరాలలో బహిరంగ చర్చలు జరిపించారు. అందులో హైదరాబాదు ఒకటి. 2010 ఫిబ్రవరి 9న దానిపై నిలుపుదల ప్రకటించారు. ఆ వాదోపవాదాలలో ఎవరిది ఒప్పో తేల్చడం ఈ వ్యాసం పని కాదు. నాకు తోచినది ఒక్కటే. డబ్బాలో అమ్మే మందు గురించి, సంచిలో అమ్మే విత్తనం గురించి అంత చర్చ జరిగిన దేశంలో, రైతు తానే కుట్టుకోగల తెర గురించి మాట్లాడేవారు తక్కువ. అమ్మేవాడు లేని వస్తువుకు వకాలతు పుచ్చుకొనేవాడూ ఉండడు.

అయినా తెర తన దారిన తాను వచ్చింది. ముందు నారుమళ్ళకు. టమాటకు ఆకుముడత తెగులు తెచ్చేది తెల్లదోమ. మొక్క ఎంత లేతగా ఉన్నప్పుడు తెగులు అంటితే నష్టం అంత ఎక్కువ. కనుక నారు పోసిన నాటి నుండి నాటే వరకు సన్నకన్ను నైలాన్ తెర కప్పమని ఉద్యాన శాస్త్రవేత్తలు చెబుతూ వస్తున్నారు. పశ్చిమ ఆఫ్రికాలోని బెనిన్‌లో క్యాబేజీ మడులపై దోమతెరలు కప్పి చేసిన పరీక్షల ఫలితాలు 2006లో వెలువడ్డాయి. మందు కొట్టిన మడుల కన్న తెర మడులు మేలనిపించుకొన్నాయి. వంగకైతే నాలుగు పక్కలా మనిషెత్తు నైలాన్ తెర గోడలా కట్టి, పైన ఆకాశానికి వదిలేసే పద్ధతి మీద కూడా పరిశోధనలు జరిగాయి. ఆ రెక్కలపురుగు ఎత్తుగా ఎగరదన్న ఒక్క ఎరుక మీద ఆధారపడిన పద్ధతి అది. ఎంత తెలిస్తే అంత తక్కువ బట్ట సరిపోతుంది!

2014 తరువాత తెలంగాణ ప్రభుత్వం హైదరాబాదు పరిసర జిల్లాలలో పాలీహౌస్‌లకు 75 శాతం రాయితీ ఇచ్చింది. అవి పెద్ద పెట్టుబడి నిర్మాణాలు. మిగిలిన 25 శాతం కూడా కౌలురైతుకు అందని ద్రాక్షే. చిన్నకమతాల రైతులకు పనికివచ్చేలా, పైన నీడతెర, చుట్టూ పురుగుతెర ఉండే చిన్న హరితగృహాలను రూపొందించిన హైదరాబాదు సంస్థ ఖేతికి 2022లో పది లక్షల పౌండ్ల ఎర్త్‌షాట్ బహుమానం వచ్చినప్పుడు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. మన నేల ఆలోచన లోకం కంటబడింది.

* * *

ఇక తెర చేయలేని పనులు. ఇది చెప్పకపోతే పైన రాసినదంతా ప్రచారమే అవుతుంది.

మామూలు దోమతెరకు చదరపు అంగుళంలో సుమారు 156 కన్నులుంటాయి, అంటే అంగుళం పొడవులో పన్నెండు పదమూడు. వంగ, క్యాబేజీ రెక్కలపురుగులను అది ఆపుతుంది. తెల్లదోమ, పేనుబంక హాయిగా దూరిపోతాయి. తెల్లదోమకు అంగుళానికి 40 నుండి 50 కన్నుల తెర కావాలి. తామరపురుగును ఆపాలంటే కన్ను మిల్లీమీటరులో ఐదో వంతు కన్న చిన్నదిగా ఉండాలి. అంత సన్న తెరలో గాలి ఆడదు. మా వైపు ఎండలకు మొక్క ఉడికిపోతుంది. 2021లో కొత్తరకం తామరపురుగు మిరపతోటల మీద విరుచుకుపడి తెలంగాణ, ఆంధ్ర రైతులను దివాలా తీయించింది. దాని ముందు ఏ దోమతెరా నిలవదు.

నా రెండో ఏటి తప్పు వేరు. వంగకు పనికివచ్చిందన్న ఉత్సాహంతో బీరపాదులకూ తెర కట్టాను. పండుఈగ రాలేదు. తేనెటీగా రాలేదు. సాయంత్రమయ్యేసరికి పసుపుపచ్చని పూలు విరగబూసేవి. ఒక్క పిందె నిలవలేదు. బీర, కాకర, సొర, దోస జాతులలో మగపువ్వు వేరు, ఆడపువ్వు వేరు. మధ్యవర్తి లేనిదే పెళ్ళి జరగదు. వంగ, టమాట పూలలో రెండూ ఒకే పువ్వులో ఉంటాయి కనుక గాలికి ఊగినా చాలు, కొమ్మను వేలితో తట్టినా చాలు. పండుఈగకు భయపడే తీగపాదులకు మొత్తం తెర కాకుండా, నిలిచిన పిందెకు కాగితపు సంచి తొడగడమే సరి.

ఒకసారి వదులుగా వేలాడిన నైలాన్ అంచులో ఒక జెర్రిపోతు చిక్కుకొన్నది. కత్తెరతో తెర కోసి వదిలేదాకా అమ్మ నన్ను తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టింది. ఎలుకలను తినే పామును చంపి వంకాయలు తినడమేమిటన్నది ఆమె ప్రశ్న. అప్పటి నుండి అంచులు బిగువుగా లాగి మట్టిలో పూడ్చుతున్నాను.

మూడో ఏటికి నేర్చుకొన్నది ఇది. ముందటి పంట వంగ, టమాట కాని మడినే ఎన్నుకోవాలి. పాత మొక్కలను పీకి దూరంగా తగలబెట్టాలి. వేసవిలో నేల లోతుగా తవ్వి ఎండనివ్వాలి. నారు కూడా తెర కిందనే పెంచాలి, లేకపోతే నారుతోనే గుడ్లు లోపలికి వస్తాయి. వెదురుబద్దలకు బదులు నీటిగొట్టాల ముక్కలు వంచినా చాలు. ఆకు తెరకు తగలకుండా ఎత్తు ఉండాలి, తగిలితే పురుగు బయట కూర్చొనే గుడ్డు పెడుతుంది. నీళ్ళకూ, కలుపుకూ తెర తీయవలసినప్పుడు మిట్టమధ్యాహ్నమే తీయాలి, దీపాలవేళ తీయరాదు. వారానికొకసారి తలవాల్చిన కొమ్మ ఉన్నదేమో చూసి, ఉంటే పురుగుతో సహా తుంచివేయాలి. ఇన్ని చేసినా ఒకటి అరా పుచ్చు వస్తుంది. ఆ సగం కోసి పారవేసి మిగిలిన సగం వండుకోవడం మన పెద్దలకు తెలిసినదే.

* * *

బాహ్యవలయ రహదారి వచ్చిన తరువాత మా ప్రాంతంలో కూరగాయల మడుల కన్న ప్లాట్ల హద్దురాళ్ళు వేగంగా మొలుస్తున్నాయి. మడులు మిగిలినచోట సాగుచేసేవారు చాలామంది కౌలుదారులు. ఏటేటా పొలం మారే కౌలుదారు తెర కొనడం కన్న మందు కొట్టడమే సులువనుకోవడం సహజం. ఆ మందు చివరకు చేరేది మన వంటింటికే. మచ్చలేని కాయను ఏరుకొనే మన వేళ్ళు కూడా ఈ చరిత్రలో ఒక పాత్ర అని నాకు అనిపిస్తూ ఉంటుంది.

పోయిన ఏడు పక్కింటివారి అబ్బాయి వచ్చి తానూ తెర కడతానని అడిగాడు. నేను కన్నుల లెక్కలూ, కొలతలూ చెప్పబోతూ ఉంటే అమ్మ అడ్డుకొన్నది.

“గవన్నీ తర్వాత బిడ్డా. ముందుగాల మన్ను తవ్వి ఎండవెట్టు. లోపల ఎవరున్నరో చూస్కొని, అప్పుడు తలుపెయ్యి.”

రెడి, రాస్ చెప్పినది అంతకన్న ఎక్కువేమీ కాదు.

చివరగా ఒక కోరిక. పురుగు పట్టి తల వాల్చిన వంగకొమ్మను మా వైపు ‘తలవాల్చింది’ అని మాత్రమే అంటాం. కోస్తాలో, సీమలో, ఉత్తరాంధ్రలో దీనికి వేరే మాట ఉండే ఉంటుంది. తెలిసినవారు ఇక్కడ రాస్తే, పురుగును చదివిన మన పెద్దల భాషలో మరొక ముక్క నిలిచిపోతుంది.